టాక్సీడెర్మీ పనికి రేటు ఎంత చెప్పాలి, ఎన్ని రోజులు అడగాలి?

హన్మకొండ గువ్వ · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టఫింగ్ పని (టాక్సీడెర్మీ), అంటే చనిపోయిన జంతువు తోలుతో బతికున్నట్టే బొమ్మ కట్టే పని చేస్తాను. మొదలుపెట్టి మూడేళ్లయింది. కోళ్లు, పావురాలు, కుందేళ్లు, కాలేజీ ల్యాబులకు అస్థిపంజరాలు, అప్పుడప్పుడు ఇళ్లలో పెంచుకున్న కుక్కలు. అడవి జంతువుల జోలికి అస్సలు పోను.

జూన్ రెండో వారంలో ఒక కుటుంబం వాళ్ల పామరేనియన్‌ను తెచ్చింది. పదమూడేళ్లు పెంచుకున్నారట. వాళ్ల ఏడుపు చూసి నోటికొచ్చిన మాట అనేశాను: 9,000 రూపాయలు, 45 రోజులు. చేతికిచ్చింది అక్టోబరు చివర్లో. మధ్యలో వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేశారో లెక్కలేదు. మొదట్లో ఎత్తి మాట్లాడాను, తర్వాత ఫోన్ మోగితేనే టెన్షన్ వచ్చి ఎత్తడం మానేశాను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను. పని మాత్రం బాగా వచ్చింది, వాళ్లూ ఆ మాట అన్నారు. కానీ వెళ్లేటప్పుడు ఆవిడ ముఖంలో సంతోషం లేదు.

నిన్న కూర్చుని లెక్క వేశాను. గాజు కళ్ల జత 650, తోలు లోపల పెట్టే ఫోమ్ దిమ్మ 900, ఉప్పు, పటిక, బోరాక్స్ లాంటివి 700, తీగ, మట్టి, గమ్ము 600, చెక్క పీఠం 800, ఫ్రీజర్ కరెంటు నా అంచనాగా 500. మొత్తం 4,150. మిగిలింది 4,850. నేను పెట్టిన టైము 68 గంటలు. అంటే గంటకు 71 రూపాయలు.

మీరంతా రేటు ఎట్లా కడుతున్నారు? రోజులు ఎన్ని చెబుతున్నారు? దాచకుండా చెప్పండి.

పాత ల్యాబు · ఆదివారం రాత్రి 10:55

తమ్మీ, ముప్పై ఏళ్లు కాలేజీ జువాలజీ మ్యూజియంలో అటెండరుగా చేసి రిటైరైన మనిషిని. రేటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రోజుల సంగతి, ఎందుకంటే నువ్వు దెబ్బతిన్నది అక్కడ.

జూన్‌లో తీసుకున్న కుక్కకు 45 రోజులు చెప్పడమే పొరపాటు. మృగశిర కార్తె వచ్చిందంటే మన దగ్గర గాలిలో తడి మొదలు. నెత్తిన ఫ్యాన్ తిరిగినా సెప్టెంబరు దాకా తోలు ఆరదు. పైన వెంట్రుకలు ఎండినట్టే కనిపిస్తాయి, పాదాల లోపల, చెవి మొదట్లో, ముక్కు వెనకాల పచ్చి అట్లాగే ఉంటుంది. ఆ పచ్చి మీద ఇంటికి పంపితే నెల తిరగకుండా వాసన, ఆ వెంటనే పురుగు.

నా పద్ధతి చెబుతా. కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొను. బొమ్మ కట్టిన రోజు నుంచి రోజూ పొద్దున ఒకే టైముకు దాన్ని తూచి గోడ మీద క్యాలెండరులో రాయి. ఒక వానాకాలం నేను కట్టిన చిన్న కుక్కపిల్ల మొదట 1,612 గ్రాములు ఉండె, మర్నాడు 1,598. మూడో రోజు ముసురు పట్టింది, 1,606కు పెరిగింది. నువ్వు ఎండిందనుకున్న తోలు గాలిలో నుంచి మళ్లీ నీళ్లు తాగుతుందన్న మాట. వరుసగా ఏడు రోజులు తూకం మారకపోతే అప్పుడు రంగు, అప్పుడు పీఠం. అంతకు ముందు ఎవరు బతిమాలినా వద్దు.

ఎండాకాలం దీనికి ఉల్టా. మే నెలలో రేకుల షెడ్డులో వేడికి రెప్పలు, పెదవులు ఒక్క రాత్రిలో లోపలికి గుంజుకుంటాయి. గుండుసూదులు గుచ్చి, తడి గుడ్డ కప్పి, మెల్లగా ఆరనియ్యాలి. దసరా దాటిన దగ్గర నుంచి శివరాత్రి దాకా మన పనికి బంగారు కాలం. నేనైతే వానాకాలంలో వచ్చిన దానికి దీపావళి తర్వాతి తేదీ తప్ప చెప్పను.

రేటు గురించి రేపు రాస్తా. కళ్లు గుంజుతున్నాయి.

గోదావరిఖని షిఫ్టు · సోమవారం పొద్దున 6:10

నైట్ షిఫ్టు దిగి చదివాను. నేను ఈ పని సైడుగా చేస్తాను. గంటలు లెక్కేసి రేటు చెబితే మన ఊళ్లలో ఒక్కరు కూడా ఇవ్వరు అన్నా. కుక్క చనిపోయిన ఇంటికి ఇరవై వేలు చెప్పి చూడండి, గడప దాటి వెళ్లిపోతారు. అప్పుడు పనీ లేదు, డబ్బూ లేదు.

డప్పు దరువు · సోమవారం మధ్యాహ్నం 1:25

జనగామ దిక్కు మాది. మా తాత తంగేడు చెక్క నీళ్లలో తోళ్లు ఊనేవాడు, అంటే కుళ్లకుండా పదును చేసేవాడు. నేను డప్పులు కడతాను, తోలు పదును చేయించుకోవడానికి స్టఫింగ్ వాళ్లు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తారు.

గోదావరిఖని అన్న మాట వింటే నాకు బాధేసింది. ఇవ్వరు అని మనమే ముందు అనుకుంటున్నాం. తోలు పని అంటే చవక అని ఈ ఊళ్లలో తరతరాలుగా ఒక లెక్క ఉంది. మా తాతకు చెప్పులకు, మోట బొక్కెనకు ఏడాదికోసారి కల్లంలో నాలుగు కుంచాల వడ్లు పోసి సరిపెట్టారు. ఎన్ని రోజులు పట్టిందని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. అదే అలవాటు ఇవ్వాళ మన నోట్లో కూర్చుంది. ఏసీ బాగుచేసే అబ్బాయి ఇంట్లోకి రాగానే విజిటింగ్ చార్జి అడుగుతాడు, ఇస్తాం. మనం మాత్రం నెత్తురు, కొవ్వు కడిగి, వాసన భరించి, ఎంతిస్తారో ఇవ్వండి అంటాం. ఆ మాట నేను మానేశాను. మీరూ మానండి.

పని సంగతి ఒకటి. కొత్తవాళ్లు డప్పు తోలుకు పెట్టినట్టు సున్నం పెట్టి చెడగొట్టుకుంటున్నారు. డప్పుకు వెంట్రుక ఊడిరావాలి కాబట్టి సున్నం. స్టఫింగుకు వెంట్రుక నిలవాలి, అందుకని ఉప్పు, పటిక, పులుపు. పీహెచ్ పేపరు ముంచి చూసుకుంటూ ఉండాలి, పులుపు తగ్గితే బ్యాక్టీరియా పట్టి బొచ్చు గుత్తులు గుత్తులుగా చేతికొస్తుంది. చిన్న కుక్క తోలు నాకు పంపితే తిరిగిచ్చేసరికి పన్నెండు రోజులు. వానలో పదహారు. ఈ రోజులు కూడా మీ తేదీలో కలుపుకోండి, చాలామంది కలపరు.

పాత ల్యాబు · సోమవారం రాత్రి 8:30

డప్పు తమ్మి నా మనసులో మాట చెప్పాడు.

గువ్వా, నీ 68 గంటలకు గంటకు 200 కట్టు. 13,600 అవుతుంది. ఎక్కువ అనిపిస్తే టైల్స్ వేసే మేస్త్రీని రోజు కూలి అడిగి చూడు, అప్పుడు మాట్లాడదాం. సామాను 4,150 కలిపితే 17,750. దీని మీద పదో వంతు పక్కకు పెట్టు, 1,775. ఇది లాభం కాదు. పదిలో ఒకటి చెడిపోతుంది: కరెంటు పోతుంది, ఫ్రీజర్ కరుగుతుంది, కడుపు కింద బొచ్చు రాలుతుంది. ఆ ఒక్కదానికి డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తే ఎక్కడి నుంచి తెస్తావు? మొత్తం 19,525. నేనైతే 19,500 చెబుతాను. సగం అడ్వాన్సు, తోలు పదునై వచ్చాక పావు, చేతికిచ్చినప్పుడు పావు.

ఇంకొక్కటి. గంటలు మనసులో లెక్కపెట్టకు, నోట్‌బుక్కులో రాయి. మనసు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. చెవి లోపలి మృదులాస్థి తీయడానికి అరగంట అనుకుంటాం, చెవి ఒక్కింటికి గంటన్నర పడుతుంది.

టామీ వాళ్లమ్మ · సోమవారం రాత్రి 11:15

నేను పనివాళ్ల మనిషిని కాదు, కస్టమర్ని. మాది మంచిర్యాల. రెండేళ్ల కింద మా టామీని ఒకాయన దగ్గర చేయించుకున్నాం, వేరే జిల్లా ఆయన. గువ్వ గారి పోస్టు చదివి నిద్ర పట్టక రాస్తున్నాను.

అన్నా, మాకు డబ్బు బాధ కాదు. బాధంతా కబురు లేకపోవడం. మూడు నెలలు అన్నాడు, ఏడు నెలలైంది. ఫోన్ ఎత్తలేదు. మా బిడ్డ స్కూలు నుంచి రాగానే "టామీ వచ్చిందా" అని అడిగేది. చెడిపోయిందేమో, పారేశాడేమో, మాకు చెప్పడానికి భయపడుతున్నాడేమో అని ఎన్ని అనుకున్నామో. మొదటి రోజే ఏడు నెలలని చెప్పి ఉంటే ఏడు నెలలూ నిశ్చింతగా ఉండేవాళ్లం.

దయచేసి మధ్యలో ఫోటోలు మాత్రం పంపకండి. మాకు ఒకసారి పంపాడు, కళ్లు లేకుండా, సూదులు గుచ్చి ఉంది. అది ఇప్పటికీ మర్చిపోలేదు. పదిహేను రోజులకు ఒక మెసేజ్ చాలు, "ఆరుతోంది, బాగానే ఉంది" అని.

టామీ ఎడమ చెవి కొస మడతపడి ఉండేది. ఆయన రెండు చెవులూ నిలబెట్టి కట్టాడు. అంతా బాగుంది, ఆ చెవి చూసినప్పుడల్లా మాది కాదేమో అనిపిస్తుంది. మొదటి రోజే మమ్మల్ని ఫోటోలు అడిగి ఉంటే వంద ఇచ్చేవాళ్లం.

హన్మకొండ గువ్వ · మంగళవారం పొద్దున 7:05

అక్కా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. పామరేనియన్ వాళ్లింటికి ఈ వారం వెళ్లి క్షమాపణ చెబుతాను.

జువాలజీ మేడం · మంగళవారం సాయంత్రం 5:40

కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. కాలేజీ ఆర్డర్ల గురించి రెండు మాటలు.

2014లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) డిసెక్షన్లు, అంటే ల్యాబులో జంతువుల్ని కోసి చూపించడం ఆపమన్న దగ్గర నుంచి మా పిల్లలకు ఉన్న మ్యూజియం స్పెసిమెన్లే దిక్కు. పావురం రెక్క ఎముకలు చేత్తో పట్టుకుని చూపిస్తే అర్థమైనంతగా చార్టు మీద కాదు. కాబట్టి మీ పని మాకు అవసరం, మొహమాటం లేకుండా సరైన రేటు రాయండి. మేము మూడు కొటేషన్లు తీసుకోవాలి, నిజమే. కానీ తక్కువ వేసి మధ్యలో వదిలేసిన వాళ్లతో మేము చాలా పడ్డాం. ఒకరు మా కుందేలు అస్థిపంజరం కొవ్వు తీయకుండానే ఇచ్చేశారు. చూడటానికి తెల్లగా ఉంది, ఏడాదికి పచ్చబడి, అద్దాల పెట్టె నిండా నూనె వాసన. అడిగితే, ఆ రేటుకు అంతే వస్తుంది మేడం అన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే రేటు పెంచేదాన్ని. కొవ్వు దిగడానికి సబ్బు నీళ్లు మార్చుకుంటూ వారాలు పడుతుందని కొటేషన్‌లో ఒక లైన్ రాస్తే మా ప్రిన్సిపాల్‌కు చూపించి ఒప్పించగలను.

బిల్లుల విషయంలో జాగ్రత్త. మార్చి 31లోపు బిల్లు చేరకపోతే ఆ డబ్బు తిరిగి వెళ్లిపోతుంది, మళ్లీ మంజూరు కోసం తిరగాలి. జనవరిలో ఆర్డరు తీసుకుని ఏప్రిల్ తేదీ చెప్పడం కంటే, ఈ ఏడాది కాదు మేడం అని చెప్పేయండి.

పాత స్పెసిమెన్ల రిపేరుకు వచ్చేవాళ్లకు మరో మాట. పాతకాలంలో తోలుకు ఆర్సెనిక్ అనే విషం కలిపిన సబ్బు పూసేవారు. ఈకల మొదళ్లలో, కుట్ల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే చేత్తో దులపకండి, ఊదకండి. మాస్కు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఆ జాగ్రత్తల ఖర్చు, టైము కొటేషన్‌లో వేరుగా రాయండి. మాది పాత కాలేజీ, దుమ్ము దులిపించడానికి అటెండర్లను ఊరికే పంపిన రోజులు తలుచుకుంటే భయమేస్తుంది.

పాత ల్యాబు · మంగళవారం సాయంత్రం 6:20

నిజం మేడం. నేనూ అట్లాగే దులిపాను, ఏళ్ల తరబడి, ఒట్టి చేతులతో. ఎవరూ చెప్పలేదు.

ఏటూరు బీటు · మంగళవారం రాత్రి 9:00

అటవీ శాఖలో కింది స్థాయి ఉద్యోగిని. రేటు ఎంతైనా తీసుకోండి, ఏం తీసుకుంటున్నారో మాత్రం చూసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 39 ప్రకారం చనిపోయి దొరికిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తి. చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకో మా వాళ్లకో చెప్పాలి. వన్యప్రాణుల ట్రోఫీలు (స్టఫింగ్ చేసిన తల, తోలు, నిండు బొమ్మ లాంటివి) తయారుచేసే పనికి సెక్షన్ 44 కింద లైసెన్సు ఉండాలి. రోడ్డు మీద బండి తగిలి చచ్చిన గుడ్లగూబ, పొలంలో పడి ఉన్న నెమలి, పంజరంలో పెంచిన రామచిలుక, దసరాకు చూపించడానికి పట్టుకొచ్చిన పాలపిట్ట, ఇవన్నీ అందులోకే వస్తాయి. "మా ఇంట్లోదే, పెంచుకున్నాం" అంటారు. రామచిలుకను పెంచుకోవడమే నేరం.

కుక్క, పిల్లి, కోడి, బాతు, మేక, ఇంటి కుందేలు, వీటికి ఇబ్బంది లేదు. కుక్క ఎట్లా చనిపోయిందో అడగండి. చొంగ కార్చి, మనుషుల్ని కరిచి పోయినదైతే రేబిస్ అనుమానం, గుమ్మం దగ్గరే ఆపేయండి. ఊళ్లో కోళ్లు గుంపుగా చస్తున్నప్పుడు కోళ్లనూ తీసుకోకండి.

మానేరు వల · బుధవారం మధ్యాహ్నం 2:15

చేపలు చేసేవాళ్లు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. లోయర్ మానేరు డ్యామ్ దగ్గర ఉంటాను. హోటళ్ల వాళ్లు పెద్ద బొచ్చెలు, కొర్రమీనులు గోడకు పెట్టించుకుంటారు. కొర్రమీను మన రాష్ట్ర చేప కదా, దానికి గిరాకీ బాగుంది.

చేప అంటే చిన్న పని అనుకుని వస్తారు, వెయ్యి రూపాయలకు అడుగుతారు. చేపకు చనిపోయిన గంటలోనే రంగు పోతుంది. ఆరాక మొత్తం గోధుమరంగు చెక్కలాగా ఉంటుంది, రంగంతా మనం వేసిందే. అందుకే పట్టిన వెంటనే ఎండలో ఫోటో తీసి పంపమంటాను, అది లేకపోతే పని ఒప్పుకోను. రెక్కలను తడిగా ఉన్నప్పుడే అట్టముక్కల మధ్య పెట్టి క్లిప్పులు పెట్టాలి, లేకపోతే ఎండుటాకులా ముడుచుకుంటాయి. బొచ్చె తలలో నూనె ఎక్కువ, సరిగ్గా తీయకపోతే రంగు వేసిన ఆర్నెల్లకు దవడ కింద జిడ్డు కారుతుంది. నేను అడుగుల లెక్కన తీసుకుంటాను, అడుగుకు 2,500, మూడు నెలలు. ఎనిమిది కిలోలు దాటితే ఫైబర్ అచ్చు చేయించుకోండి, చేపను వండుకుని తినండి అని నేనే చెబుతాను. కొలతలు, ఫోటోలు చాలు. వాళ్లకూ అదే మేలు.

గోదావరిఖని షిఫ్టు · బుధవారం సాయంత్రం 4:50

డప్పు అన్నా, మీ మాట గుచ్చుకుంది. ఆలోచించాను. గంట రేటు తగ్గించొద్దు, సరే. గంటలు తగ్గే పని చూపిద్దాం. ఇరవై వేలు పెట్టలేని వాళ్లకు పడుకున్న భంగిమ చెబుతున్నాను. కళ్లు మూసి ఉంటాయి కాబట్టి గాజు కళ్లు అక్కర్లేదు, నాలుగు కాళ్ల మీద నిలబెట్టే తీగ పని ఉండదు. నాకు 45 గంటల్లో అయిపోతోంది. అదీ వద్దంటే పాదం అచ్చు ప్లాస్టర్‌లో తీసిస్తాను, 800, వారం రోజులు. ఏడుస్తూ వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం నాకు ఇష్టం లేదు, అందుకే మొదట అట్లా రాశాను.

డప్పు దరువు · బుధవారం సాయంత్రం 5:05

ఇది బాగుంది అన్నా. నిండు మనసుతో ఒప్పుకుంటున్నా.

నిర్మల్ పొనికి · బుధవారం రాత్రి 8:10

బొమ్మలు చేసే ఇంటి వాడిని. పొనికి చెక్క చాలా తేలిక, సూది దిగుతుంది, చిన్న పక్షులకు లోపలి దిమ్మగా బాగా పనికొస్తుంది. బరువైన కుక్కకు పీఠంగా వద్దు, టేకు పెట్టండి. ఏ చెక్కయినా బాగా ఆరబెట్టింది తీసుకోండి. పచ్చి చెక్క నుంచి తడి తోలులోకి ఎక్కుతుంది.

హన్మకొండ గువ్వ · శుక్రవారం రాత్రి 10:20

పామరేనియన్ వాళ్లింటికి వెళ్లి వచ్చాను. హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నారు. ఆవిడ టీ ఇచ్చారు. ఆలస్యం ఎందుకైందో, తోలు ఎట్లా ఆరుతుందో చెప్పాను. "ఇది అప్పుడే చెప్పొచ్చు కదా బాబూ" అన్నారు. ఇంకేమీ అనలేదు.

మీ మాటలతో ఒక కాగితం రాసి షెడ్డు తలుపుకు అంటించాను. రేటు గంటకు 200, సామాను వేరు, చెడిపోయే భయానికి పదో వంతు. చిన్న కుక్క నిలబడి ఉంటే 19,500, పడుకుని ఉంటే సుమారు 14,000. కోడి, పావురం 3,500. తేదీ మాత్రం వచ్చిన నెలను బట్టి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తే మూడు నెలలు, ఎండాకాలంలో నాలుగు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు. ఒకేసారి ఫ్రీజర్‌లో నాలుగుకు మించి పెట్టను, ఐదో మనిషికి నా దగ్గర చోటు లేదని చెప్పేస్తాను. నెలకు రెండుసార్లు, 1న, 15న మెసేజ్. చెవులు, తోక, కూర్చునే తీరు, నిద్రపోయే తీరు ఫోటోలు మొదటి రోజే తీసుకుంటాను.

ఇంకొక లైన్ కూడా రాశాను. ప్రాణం పోగానే శరీరాన్ని వేడి నీళ్లతో కడగొద్దు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐస్ మీద పెట్టి తీసుకురండి. మే నెలలో నాలుగైదు గంటలు దాటితే పొట్ట పచ్చబడుతుంది, అది ఒప్పుకోలేను.

నిన్న వరంగల్ నుంచి ఒకాయన పిల్లిని తెచ్చారు. కాగితం చూపించాను. రేటు చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మూడు నెలలంటే నిజంగా మూడు నెలలేనా?" అని అడిగారు. అవునన్నాను. సగం అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు.

పాత ల్యాబు · శుక్రవారం రాత్రి 10:45

కాటా కొన్నావా?

హన్మకొండ గువ్వ · శుక్రవారం రాత్రి 10:48

కొన్నాను సార్. గత నెల కట్టిన కుందేలు పొద్దున 742 గ్రాములు ఉంది. నిన్న 745. ఇంకా దిగుతోంది.